సుషీ, సెవిచే తినడానికి వెళ్తున్నారా? విశాఖవాళ్ల కోసం

విశాఖలో పుట్టి పెరిగినవాళ్లకు చేప గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. మొప్ప ఎత్తి చూసి, వేలితో నొక్కి అది ఎప్పటి చేపో చెప్పేస్తారు. అలాంటివాళ్లే జపనీస్ హోటల్లో కూర్చుని మెనూ తెరిస్తే టెన్షన్ పడతారు. ఇందులో పచ్చిది ఏది, ఉడికించింది ఏది, దేన్ని దేనిలో ముంచాలి, అడిగితే ఏమనుకుంటారో! చివరికి తెలిసిన పేరు కదా అని చికెన్ ఫ్రైడ్ రైస్ చెప్పి, తినేసి లేచి వస్తారు. ఆ మొహమాటం పోవాలని ఇది రాస్తున్నాను. చిన్న హోటల్లో భోజనం బాగా కుదరడం, కుదరకపోవడం చాలావరకు ఆర్డర్ చెప్పకముందు మీరు అడిగే నాలుగు ప్రశ్నల్లోనే తేలిపోతుందని నా గట్టి నమ్మకం.

సుషీ అంటే వెనిగర్ కలిపిన అన్నంతో, ఎక్కువగా పచ్చి చేప పెట్టి చేసే జపాన్ వంట. సెవిచే అంటే పచ్చి చేప ముక్కల్ని నిమ్మరసంలో కలిపి ఇచ్చే పెరూ వంట; పెరూ దక్షిణ అమెరికా దేశం. జపాన్‌నీ పెరూనీ ఒకేచోట ఎందుకు చెబుతున్నానంటే, ఆ రెండు వంటిళ్లకూ నూటపాతికేళ్ల చుట్టరికం ఉంది. 1899లో సకురా మారు అనే ఓడ 790 మంది జపాన్ కూలీలతో పెరూలోని కయావో రేవుకు చేరింది. వాళ్లు వచ్చింది చెరకు తోటల్లో పనికి. తర్వాత చాలామంది లిమా నగరానికి చేరి చిన్న దుకాణాలు, హోటళ్లు పెట్టుకున్నారు. చేపను పలచగా కోసే వాళ్ల చెయ్యి, పెరూ మిరపకాయ, నిమ్మరసం కలిసి ఒక కొత్త వంట పుట్టింది. దాన్నే నిక్కేయ్ వంట అంటారు. ఇవాళ చాలా నగరాల్లో సుషీ దొరికే మెనూలోనే సెవిచే కూడా కనిపించడానికి కారణం ఇదే.

మన ఊళ్లో జపాన్ వంటలు ఎక్కువగా సిరిపురం, బీచ్ రోడ్డు వైపు ఉండే ఏషియన్ హోటళ్ల మెనూల్లో వెతుక్కోవాలి. పెరూ వంట అంత సులువుగా కనపడదు. మెనూలో ఒక మూల సెవిచే అన్న పేరు కనిపించినప్పుడో, పెద్ద హోటల్లో ఫుడ్ ఫెస్టివల్ పెట్టినప్పుడో పట్టుకోవాలి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు మాత్రం మంచి అవకాశం ఉంది. న్యూజెర్సీలో ప్యాటర్సన్ అనే ఊరు పెరూవాళ్లకు పెద్ద స్థావరం. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ నుంచి కారులో వెళ్లి భోంచేసి వచ్చేయొచ్చు. కింద చెప్పేవి ఇక్కడైనా అక్కడైనా పనికొస్తాయి.

మొదట: ఒక రోజు ముందే ఫోన్ చేయండి

చిన్న హోటల్ అంటే పదో పన్నెండో టేబుళ్లు, వంటింట్లో ముగ్గురు నలుగురు మనుషులు. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో తిరిగి తిరిగి జనమంతా ఎనిమిదిన్నరకు ఒక్కసారే లోపలికొస్తే ఆ ముగ్గురు ఏం చేయగలరు? అన్నం ముందే కలిపి పెట్టుకుంటారు, రోల్స్ ముందే చుట్టి పెట్టుకుంటారు. రోల్ చుట్టే సముద్రపు నాచు రేకుకు అన్నం తడి తగిలితే కొద్ది నిమిషాల్లోనే మెత్తబడి, సాగుతుంది. మన ఊరి గాలిలో తేమకు ఇంకా తొందరగా మెత్తబడుతుంది. అందుకని మొదటిసారి వెళ్లేవాళ్లు వారం మధ్యలో, హోటల్ తెరిచిన మొదటి గంటలో వెళ్లండి. వంటమనిషికి మీతో మాట్లాడే తీరిక ఉంటుంది.

ఫోన్లో ఇంత చెబితే చాలు: "తమ్ముడూ, రేపు మధ్యాహ్నం నలుగురం వస్తున్నాం. ఒకరు పూర్తి శాకాహారం, చేప ఉడికించిన నీళ్లు కూడా పడవు. రేపు పచ్చిగా వడ్డించే చేపలు ఏమేం ఉంటాయి?" ఈ చివరి ప్రశ్నకు అటువైపు నుంచి తడబడకుండా జవాబు వస్తే, వాళ్లకు తమ సరుకు సంగతి తెలుసని అర్థం. "అన్నీ ఉంటాయండీ" అంటే మాత్రం నేను ఆ రోజు ఉడికించిన వంటల దగ్గరే ఆగిపోతాను.

క్యాలెండర్ కూడా ఒకసారి చూసుకోండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వేటకు వెళ్లకూడదు. ఆ రెండు నెలలూ ఫిషింగ్ హార్బర్ దాదాపు ఖాళీ. సంప్రదాయ పడవలు తెచ్చేది కొద్దిగానే ఉంటుంది. ఆ రోజుల్లో ఎవరైనా "పొద్దున్నే హార్బర్ నుంచి వచ్చిన ట్యూనా" అంటే ఏ పడవ తెచ్చిందో అడగండి. అడగడంలో తప్పు లేదు.

పచ్చి చేప దగ్గర ఆగి అడగాల్సినవి

ఇక్కడ మన అలవాటు మనకే అడ్డొస్తుంది. తాజా చేప మంచిది, ఐసులో పెట్టింది పనికిరానిది అని చిన్నప్పటి నుంచి విన్నాం. పులుసుకు ఆ మాట నిజమే. పచ్చిగా తినడానికి మాత్రం అది చాలదు. సముద్రపు చేపల్లో సన్నటి పురుగులు ఉంటాయి, చేప ఎంత తాజాదైనా ఉంటాయి. వండితే చచ్చిపోతాయి. వండకుండా తినాలంటే గట్టిగా గడ్డకట్టించాలి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెప్పే లెక్క ప్రకారం మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో 7 రోజులు, లేదా మైనస్ 35లో పూర్తిగా గడ్డకట్టించి 15 గంటలు ఉంచాలి. కొన్ని రకాల పెద్ద ట్యూనాకు, నమ్మకమైన మేతతో పెంచిన సాల్మన్‌కు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. ఇంట్లో ఫ్రిజ్ పైఅర ఆ చల్లదనాన్ని అన్ని రోజులు నిలకడగా పట్టి ఉంచలేదు. జపాన్‌లో కూడా దూరసముద్రంలో పట్టిన ట్యూనాను ఓడ మీదే మైనస్ 60 డిగ్రీల దగ్గర గడ్డకట్టిస్తారు. కాబట్టి సుషీ హోటల్లో "ఇది ఫ్రోజెన్ చేప అండీ" అంటే ముఖం చిట్లించకండి. అది మంచి జవాబు.

ఎల్లోఫిన్ ట్యూనా మన తీరంలోనే బాగా దొరుకుతుంది. మన మత్స్యకారులు సూర అని పిలిచే జాతి ఇది. విశాఖ నుంచి ఎగుమతి కూడా అవుతుంది. దాన్ని మన ఊళ్లోనే పచ్చిగా తినాలన్న కోరిక సహజం. అయితే ట్యూనాలో ఇంకో సంగతి ఉంది. పట్టిన వెంటనే చల్లబరచకుండా ఎండలో, పడవ చెక్క మీద వదిలేస్తే దాని కండలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. ఒకసారి తయారైతే వండినా పోదు, గడ్డకట్టించినా పోదు. అలాంటి చేప తింటే కొద్దిసేపట్లోనే ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు, గుండె దడ వస్తాయి. నోట్లో పెట్టగానే నాలుక చురుక్కుమంటే అక్కడే ఆపేసి, ప్లేటు వెనక్కి ఇచ్చేయండి. ఒంట్లో తేడా అనిపిస్తే ఇంటికి వెళ్లి పడుకుందామనుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయండి.

సాల్మన్ మన సముద్రంలో లేదు. మన దగ్గర ప్లేటులోకి వచ్చే నారింజ రంగు సాల్మన్ దిగుమతి సరుకు. జపాన్‌వాళ్లు కూడా దాన్ని పచ్చిగా సుషీ మీద పెట్టడం నార్వే చేపల వ్యాపారులు 1980ల్లో అక్కడ గట్టిగా ప్రచారం చేశాకే ఊపందుకుంది. మార్కెట్లో ఇండియన్ సాల్మన్ పేరుతో అమ్మేది వేరే జాతి చేప, తెల్లగా ఉంటుంది. కూరకు, వేపుడుకు బాగుంటుంది. మెనూలో సాల్మన్ అని రాసి ప్లేటులో తెల్లటి చేప వస్తే అడిగి తెలుసుకోండి.

సెవిచే దగ్గర ఇంకో అపోహ ఉంది. నిమ్మరసంలో చేప తెల్లబడి గట్టిపడుతుంది. చూడ్డానికి ఉడికినట్టే ఉంటుంది. పులుపు చేప కండను అలా మారుస్తుందే గానీ పురుగుల్ని, అన్ని రకాల క్రిముల్ని చంపదు. 1991లో పెరూలో కలరా ప్రబలినప్పుడు కలుషిత నీటితో పాటు పచ్చి సముద్రాహారం మీద కూడా అనుమానం వచ్చి, జనం సెవిచేకు భయపడ్డారు. తమ జాతీయ వంటకమే అలాంటి కష్టంలో పడింది. అందువల్ల సుషీకి అడిగే ప్రశ్నలే సెవిచేకూ అడగండి.

అడగాల్సింది ఇలా: "ఈ చేప ఏది? ఎక్కడి నుంచి వచ్చింది? గడ్డకట్టించి తెచ్చారా? కరిగించింది ఎప్పుడు?" పొద్దున కరిగించింది అంటే సరే. నిన్న అంటే వద్దనండి. మంచినీటి చేపలు, అంటే బొచ్చె, రాగండి లాంటివి పచ్చిగా ఎవరు పెట్టినా తినకండి. అందులో ఇంకో రకం పురుగుల భయం ఉంది.

గర్భిణులు, చిన్నపిల్లలు, బాగా పెద్దవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లు పచ్చి చేప జోలికి వెళ్లకూడదు. "ఒక్క ముక్కే కదమ్మా" అని బలవంతపెట్టే చుట్టం ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఆ మాట పట్టించుకోకండి. వాళ్ల కోసం ఉడికించినవి బోలెడు ఉన్నాయి.

శాకాహారులకు: కనపడని చేప

మెనూలో పచ్చ చుక్క ఉందని ఊరుకోకండి. జపాన్ వంటకు ప్రాణం దాషీ అనే పలచటి రసం. ఎండబెట్టి, పొగబెట్టిన బొనిటో చేప తురుమునూ కొంబు అనే సముద్రపు నాచునూ నీళ్లలో మరిగించి చేస్తారు. మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే సూప్‌లో పైకి తేలేది టోఫూ (సోయా పన్నీరు) ముక్కే అయినా అడుగున ఉన్నది ఆ రసమే. వేయించిన టోఫూ మీద పోసే సాస్‌లో, టెంపురా (పలచటి పిండిలో ముంచి వేయించిన బజ్జీ లాంటిది) ముంచుకునే గిన్నెలో, నూడుల్స్ నీళ్లలో అదే. కొన్ని వంటల మీద గోధుమ రంగు రేకులు వేడికి అటూ ఇటూ ఊగుతుంటాయి, పిల్లలు సరదాగా చూస్తారు. అవీ చేపే. మిరిన్ అనే తియ్యటి ద్రవంలో మద్యం ఉంటుంది. టామాగో అంటే గుడ్డు.

కార్తీక మాసంలోనో, మార్గశిర గురువారం కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం చేసుకున్న రోజునో నీచు ముట్టని ఇళ్లు మన ఊళ్లో చాలా ఉన్నాయి. ఆ రోజుల్లో ఇలాంటి పొరపాటు జరిగితే మనసు చాలా కష్టపడుతుంది. నన్నడిగితే అలాంటి రోజున ఈ హోటళ్లకు వెళ్లకపోవడమే మేలు. వేపుడు నూనె, కత్తి, పీట అన్నీ అక్కడ ఒకటే. చిన్న వంటింట్లో రెండో సెట్ పెట్టుకునే చోటు ఉండదు.

మామూలు రోజుల్లో అయితే దోసకాయ రోల్, అవకాడో రోల్, ఉప్పు చల్లిన ఎడమామే చిక్కుళ్లు హాయిగా తినొచ్చు. కూరగాయల టెంపురా చెప్పి, సాస్ బదులు ఉప్పు అడగండి. జపాన్‌లో కూడా ఉప్పుతో తింటారు. పిండిలో గుడ్డు కలిపారేమో కనుక్కోండి. షిటాకే పుట్టగొడుగు, కొంబు మాత్రమే వేసి కాచిన దాషీ ఉందేమో అడగండి. జపాన్ బౌద్ధ మఠాల్లో వండుకునేది అలాంటిదే కాబట్టి వంట తెలిసినవాళ్లకు అది వింతగా అనిపించదు.

పెరూ మెనూలో శాకాహారికి దారి బంగాళాదుంప. ఆ దుంప పుట్టిల్లే ఆండీస్ కొండలు. అక్కడ వేల రకాలు ఉన్నాయి. లిమాలో దాని కోసమే 1971 నుంచి అంతర్జాతీయ పరిశోధన కేంద్రం నడుస్తోంది. పాపా అ లా వాంకయీనా అంటే ఉడికించిన దుంపల మీద పసుపు మిర్చి, జున్ను కలిపిన చిక్కటి సాస్. పైన గుడ్డు ముక్క పెడతారు, వద్దనండి. కౌసా గురించి కింద చెబుతాను. కర్రపెండలం వేపుడు, అరటికాయ చిప్స్, మొక్కజొన్న కంకితో జున్ను, కీన్వా అనే గింజలతో చేసిన సలాడ్ ఉంటాయి. పిస్కో సోర్ అనే పానీయం మీద నురగ పచ్చి గుడ్డు తెల్లసొనతో వస్తుంది, పైగా అది మద్యం. దాని బదులు చీచా మొరాడా అడగండి. ఊదా రంగు మొక్కజొన్నను అనాసపండు తొక్కలు, దాల్చినచెక్క, లవంగాలతో మరిగించి చల్లార్చిన తియ్యటి నీళ్లు అవి. మద్యం ఉండదు. ఇంట్లో అందరికీ నచ్చుతుంది.

జపనీస్ టేబుల్ దగ్గర: తక్కువ చెప్పండి, మళ్లీ చెప్పండి

మనం నలుగురం వెళ్తే కూర్చోగానే ఎనిమిది రకాలు ఒకేసారి చెప్పేస్తాం. ఇక్కడ అలా వద్దు. సుషీ చేతిలోంచి ప్లేటులోకి వచ్చిన రెండు మూడు నిమిషాల్లో తినాల్సిన వస్తువు. రెండు రకాలు చెప్పండి, తినండి, నచ్చితే ఇంకో రెండు చెప్పండి. నిగిరి, అంటే చిన్న అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టింది, అయితే సాధారణంగా ప్లేటుకు రెండు ముక్కలు, రోల్ అయితే ఆరు లేదా ఎనిమిది ముక్కలు వస్తాయి. ఆ లెక్కన పంచుకోండి.

పచ్చి చేప అంటే ఇంకా బెరుకుగా ఉన్నవాళ్లు ఎబీ నిగిరితో మొదలుపెట్టండి. అది సాధారణంగా ఉడికించిన రొయ్య. తర్వాత ఊనాగి, అంటే తియ్యటి సాస్ పూసి కాల్చిన ఈల్ చేప, ఎప్పుడూ ఉడికిందే. ఆ తర్వాత టెంపురా రొయ్య పెట్టి చుట్టిన రోల్. ఈ మూడూ నచ్చాక ట్యూనా ఒక్క ముక్క. ఇలా పోతే భయం దానంతట అదే తగ్గుతుంది. కాలిఫోర్నియా రోల్‌లో పీత అని రాసి ఉన్నా చాలాచోట్ల అది తెల్ల చేప ముద్దతో చేసిన కడ్డీ. రంగు పైన పూసింది. అందులో గోధుమ పిండి, గుడ్డు కూడా ఉండొచ్చు, అలర్జీ ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి.

సుషీలో అసలు పనితనం అన్నంలో ఉంటుంది. వేడి అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలోకి తీసి, వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన నీళ్లు చల్లి, మెతుకు విరగకుండా విసురుతూ కలుపుతారు. మనింట్లో పులిహోర కలిపే చెయ్యి గుర్తొస్తుంది. తినేటప్పుడు అన్నం కొంచెం గోరువెచ్చగా, మెతుకు మెతుకు తెలిసేలా ఉండాలి. పళ్లు జివ్వుమనేంత చల్లగా, బిరుసుగా ఉంటే ఎప్పుడో చేసి ఫ్రిజ్‌లో పెట్టారని అర్థం. మర్యాదగా ఆ మాట చెప్పండి, మార్చి ఇమ్మనండి.

నిగిరిని చేత్తో తినొచ్చు. మనకు ఇంతకంటే ఏం కావాలి? ముందు ఇచ్చే తడి తువ్వాలు చేతులు తుడుచుకోవడానికే. ముక్కను పక్కకు తిప్పి, చేప వైపు మాత్రం సోయా సాస్‌లో కొంచెం అద్ది, ఒకే ముద్దగా నోట్లో పెట్టుకోండి. అన్నం వైపు ముంచితే ఉప్పుకషాయం అయిపోతుంది, మెతుకులు విడిపోతాయి. పచ్చగా ఉండే వసాబీ ముక్కుకెక్కే రకం ఘాటు, ఆవపిండి ఘాటుకు దగ్గర. మనం గొంతు మంటకు అలవాటుపడ్డాం గానీ దీనికి కాదు. శనగగింజంత వేసుకుని చూడండి. మామూలు హోటళ్లలో ఇచ్చేది చాలావరకు హార్స్‌రాడిష్ వేరుకు రంగు, ఆవాలు కలిపి చేసినదే. నిజమైన వసాబీ వేరు ఖరీదు ఎక్కువ. గులాబీ రంగు అల్లం ముక్కలు ఒక రకానికీ ఇంకో రకానికీ మధ్య నాలుక కడుక్కోవడానికి. సుషీ మీద పెట్టుకుని తినడానికి కాదు.

కారం ఎక్కువ వేయించుకోవడం గురించి ఒక మాట. "కొంచెం స్పైసీగా చేయండి" అని అడగకండి. అలా అడిగితే మిరపకాయ మేయొనైజ్ పిండి ఇస్తారు. ఆపైన ప్రతి రోల్ ఒకే రుచిగా ఉంటుంది. కారం కావాలంటే షిచిమి అనే ఏడు దినుసుల పొడి అడిగి నూడుల్స్ మీద చల్లుకోండి.

చాప్‌స్టిక్‌లు రాకపోతే ఫోర్క్ అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. పట్టుకునేవాళ్లు మాత్రం రెండు విషయాలు చూసుకోండి. అన్నంలో నిలువుగా గుచ్చి వదలకూడదు. చనిపోయినవాళ్ల ముందు పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారు. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకు ముక్క అందించకూడదు. అక్కడ దహనం తర్వాత అస్థికలు ఏరేటప్పుడు అలా అందించుకుంటారు. శుభాశుభాలు పట్టించుకునే మనకు ఇది వెంటనే అర్థమవుతుంది. పిల్లలకు కూడా కారణంతో సహా చెప్పండి.

రామెన్, అంటే వేడి రసంలో వేసిన నూడుల్స్, చెప్పే ముందు ఆ రసం దేనితో కాచారో అడగండి. టొంకోత్సు అంటే పంది ఎముకల రసం. గ్యోజాలో, అంటే మోమోల్లాంటి వాటిలో కూడా మామూలుగా పంది మాంసమే. చికెన్‌తో చేసినవి దొరుకుతాయి. నూడుల్స్ జుర్రుకుంటూ తినొచ్చు, చప్పుడైతే తప్పు కాదు. పిల్లలకు, అసలు ఏదీ కొత్తగా వద్దనే తాతయ్యలకు కాట్సు కర్రీ చెప్పండి. బ్రెడ్ పొడి అద్ది వేయించిన చికెన్, అన్నం, పైన చిక్కటి కర్రీ. ఈ కర్రీ 19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్‌వాళ్ల ద్వారా జపాన్ చేరింది. మన మసాలాయే చుట్టూ తిరిగి వచ్చింది. కాకపోతే తియ్యగా ఉంటుంది, ముందే చెప్పి ఉంచండి.

పెరూ ప్లేటు ముందు

పెరూలో సెవిచే మధ్యాహ్నం వంట. పొద్దున వచ్చిన చేప మధ్యాహ్నానికి అయిపోవాలని పాత పద్ధతి సెవిచే హోటళ్లు సాయంత్రానికి ముందే మూసేస్తారు. మీరు కూడా మధ్యాహ్నమే వెళ్లండి. 2023లో యునెస్కో పెరూ సెవిచే సంప్రదాయాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. జపాన్ వంట అంతకు పదేళ్ల ముందే, 2013లో చేరింది.

సెవిచే చెప్పాక గడియారం చూడండి. ఒకప్పుడు చేపను గంటల తరబడి పుల్లటి రసంలో నానబెట్టేవారు. జపాన్ వంటవాళ్ల ప్రభావంతో అది నిమిషాల్లోకి వచ్చిందని చెబుతారు. ఇప్పుడు మంచి చోట మీరు ఆర్డర్ చెప్పాకే చేప కోసి, నిమ్మరసం, ఎర్ర ఉల్లిపాయ, మిర్చి, ఉప్పు, కొత్తిమీర కలిపి వెంటనే పంపుతారు. అంచులు తెల్లగా, లోపల ఇంకా మెత్తగా ఉండాలి. రబ్బరులా సాగితే ఎప్పుడో కలిపి పెట్టిందే. పక్కన చిలగడదుంప ముక్క, ఉడికించిన పెద్దగింజల మొక్కజొన్న, వేయించిన మొక్కజొన్న గింజలు ఉంటాయి. పులుపు నాలుక మీద ఎక్కువైనప్పుడు చిలగడదుంప కొరకండి. అడుగున మిగిలే తెల్లటి రసాన్ని పులి పాలు అని పిలుస్తారు. వదిలేయకుండా చెంచాతో తాగండి, వంటమనిషి చెయ్యి అందులోనే తెలుస్తుంది. టిరాడిటో చెబితే ఉల్లిపాయ ఉండదు, సషిమిలా (జపాన్‌వాళ్లు అన్నం లేకుండా వడ్డించే పచ్చి చేప) పలచగా కోసిన చేప మీద పసుపు మిర్చి సాస్ పోసి ఇస్తారు. జపాన్ చెయ్యి ఎక్కువ కనిపించే వంట ఇది.

కారం విషయంలో మీకు భయం అక్కర్లేదు. అహీ అమరీయో అనే పసుపు మిర్చికి పండు వాసన ఉంటుంది, ఘాటు మనవాళ్లు తట్టుకునేదే. రొకోటో అని గుండ్రంగా ఉండేది మాత్రం బాగా ఘాటైనది, సాస్ గిన్నె ముందు పెడితే చుక్క వేసుకుని చూడండి. అసలు మిరపకాయే మనకు వచ్చింది ఆ ఖండం నుంచి. ఇంకో సంగతి: ఆంధ్ర చెరువుల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే వనామీ రొయ్య సొంత ఊరు మెక్సికో నుంచి ఉత్తర పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. 2009లో మన దేశంలో దాని పెంపకానికి అనుమతి వచ్చింది. రొయ్యల సెవిచే దొరికితే అదే చెప్పండి. రొయ్యల్ని సాధారణంగా ముందు వేడినీళ్లలో ఉడికించి కలుపుతారు, అయినా ఒక మాట అడగండి. భయం లేకుండా సెవిచే రుచి తెలియడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

చేప అసలు వద్దనేవాళ్లకు పోయో అ లా బ్రాసా చెప్పండి. మసాలాలో నానబెట్టి బొగ్గుల మీద తిప్పుతూ కాల్చిన కోడి, పక్కన పచ్చ సాస్. అహీ దె గయీనా అంటే చికెన్ పీచులుగా విడదీసి బ్రెడ్, పాలు, పసుపు మిర్చి, అక్రోట్ లాంటి పప్పులు వేసి చేసిన చిక్కటి కూర. గింజల అలర్జీ ఉన్నవాళ్లు తినకూడదు. లోమో సల్టాడో చైనావాళ్ల చేతి వంట, సోయా సాస్‌తో ఎక్కువ మంట మీద వేయిస్తారు. అన్నం, బంగాళాదుంప వేపుళ్లు రెండూ ఒకే ప్లేటులో వస్తాయి. అసలు వంట గొడ్డు మాంసంతో. అంటికూచో అనే పుల్లకు గుచ్చి కాల్చే ముక్కలు కూడా పెరూలో ఆవు గుండెతో చేస్తారు. మీరు తినకపోతే ఏ మాంసం వాడారో పేరు పెట్టి అడగండి, చికెన్‌తో చేయించుకోండి. విదేశాల్లో అయితే ఈ ప్రశ్న అసలు మరచిపోకండి.

ఊళ్లో పెరూ వంట దొరికే దాకా ఆగలేకపోతే కౌసా ఇంట్లో చేసుకోండి. బంగాళాదుంపలు ఉడికించి, వేడి మీదే ఉండల్లేకుండా మెదిపి, నిమ్మరసం, ఉప్పు, కొంచెం నూనె, పసుపు రంగు మిరపకాయలు ఉడికించి రుబ్బిన ముద్ద కలపండి. పసుపు మిర్చి దొరక్కపోతే పసుపు క్యాప్సికమ్‌లో ఒక పండుమిర్చి వేసి రుబ్బండి. చల్లారాక గిన్నెలో ఒక పొర దుంప, ఒక పొర అవకాడో లేదా ఉడికించిన రొయ్యల్ని మేయొనైజ్‌తో కలిపింది, పైన మళ్లీ దుంప పరచి, ఫ్రిజ్‌లో అరగంట పెట్టి, బోర్లించి కోసి పెట్టండి. పులుపు కాస్త ముందుండాలి. ఇది నచ్చిన ఇంట్లో సెవిచే కూడా నచ్చుతుంది.

బిల్లు, పార్సిల్

మామూలు హోటల్ బిల్లులో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే స్టార్ హోటల్ లోపలి రెస్టారెంట్ అయితే 18 శాతం. సర్వీస్ చార్జి అని వేరే కలిపితే అది తప్పనిసరి కాదు, తీసేయమని అడగొచ్చు. 2022లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఆ మేరకు మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అయితే మీ ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పిన కుర్రాడికి మీ చేత్తో టిప్ ఇవ్వండి. బిల్లు మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ ఇచ్చిన 14 అంకెల నంబర్ ఉండాలి. తిన్నది తేడా చేస్తే ఫిర్యాదుకు ఆ నంబరే ఆధారం, కాబట్టి బిల్లు ఫోటో తీసి ఉంచుకోండి.

పచ్చి చేప ఉన్నది ఏదీ పార్సిల్ కట్టించుకోవద్దు, యాప్‌లో ఆర్డర్ పెట్టవద్దు. మామూలుగా పాడయ్యే ఆహారం బయట రెండు గంటలు ఆగుతుంది. గాలి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మే నెలలో మద్దిలపాలెం సిగ్నళ్ల దగ్గర ఆగుతూ స్కూటర్ డబ్బాలో మధురవాడ దాకా వచ్చే సుషీ గురించి వేరే చెప్పక్కర్లేదు. సెవిచే అయితే దారంతా నిమ్మరసంలో నానుతూ గట్టిపడుతుంది. మిగిలిపోతుందనిపిస్తే టేబుల్ మీదే పంచుకుని పూర్తి చేయండి. కాట్సు, కాల్చిన కోడి, ఫ్రైడ్ రైస్, కూరగాయల టెంపురా ఇంటికి తీసుకెళ్లొచ్చు. వెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా వేడిచేసి తినండి. టెంపురాను మాత్రం మైక్రోవేవ్‌లో కాకుండా పెనం మీద సన్నటి మంటపై వేడిచేస్తే కరకరలాడుతుంది.